గేటు గది ఖాళీ కాదు

గేటమ్మకు మనుషుల్ని నమ్మడమంటే కొత్త చెప్పులు తొడుక్కోవడమే. నాలుగు రోజులు కరిచాక గానీ కాలికి పట్టవు. "ఒక్క క్షణంలో దాటేస్తాం తల్లీ!" అని బతిమాలుతూనే వేసిన గేటు కిందనుంచి దూరే జనాన్ని ఉద్యోగమంతా చూసింది మరి. నోరు ఏమంటోందో వదిలేసి, కాలు ఎటు పడుతోందో చూడడం ఆమెకు అక్కడే అబ్బింది.

భర్త పోయాక ఆయన చేసే రైలు గేటు పని ఆమెకే ఇచ్చారు. కొన్నేళ్ళకు ఆ దారిలో రైళ్ళు మానేశారు. పట్టాల మధ్య గడ్డి మోకాళ్ళ దాకా లేచింది. పనైతే పోయింది గానీ, గేటు పక్కనున్న రెండు గదులు ఖాళీ చెయ్యమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు. అడిగితే లేనిపోని తంటా అని ఆమె అడగలేదు. ముందు గదిలో పొయ్యి, వెనక గదిలో రెండు మంచాలు. కిటికీ కింద కూర్చుని ఆడపడుచు ఫ్యాక్టరీ చొక్కాలకు గుండీలు కుడుతుంటే, గేటమ్మ దారపు పోగులు కత్తిరిస్తుంది. ఇద్దరికీ తలదాచుకోవడానికి వేరే చోటు లేదు.

అలాంటి చోట ఒక ఆదివారం పొద్దున, మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టుకుని పట్టాల నడుమ గొంతుక్కూర్చున్న మనిషొకడు కనిపించాడు.

"వదినా, ఇలా రా! వీడే!" అని ఆడపడుచు గొంతు తగ్గించి పిలిచింది. "క్వారీ దగ్గర గేటు గదిని ఫోటోలు తీసింది వీడే. వీడిలా వెళ్ళాడో లేదో, పొక్లెయిను వచ్చి దాన్ని నేలమట్టం చేసింది."

"మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికావు. వీడి మొహం గుర్తుందా నీకు?"

"మొహం ఎవరు చూశారు? మూడు కాళ్ళు చూశా."

గేటమ్మ చేతిలోని కత్తెర పక్కన పెట్టేసింది. కిటికీ చాటున నిలబడి అతని కాళ్ళనే చూసింది. అవి తుప్పు పట్టిన గేటు చక్రం దగ్గర ఆగాయి, పగిలిన దీపం దగ్గర ఆగాయి. చివరికి గోడ పగులు దగ్గరకొచ్చి చాలాసేపు ఆగాయి. మంచి గోడ మూడు వైపులా ఉండగా పగులే ఎందుకు కావాల్సి వచ్చిందో? ఇల్లు కూలడానికి సిద్ధంగా ఉందని చూపించడానికి కాకపోతే!

ఇంతలో అతనే గుమ్మం దగ్గరికొచ్చాడు. "అమ్మా, గేటు మీద ఆరేసిన బట్టలు కాస్త తీస్తారా? ఫోటోలో పడుతున్నాయి."

"పడితే ఏం? దొంగబట్టలా?"

"అది కాదండీ. ఎవరూ లేనట్టుంటే ఫోటో బాగుంటుంది."

"ఎవరూ లేనట్టా!" ఆడపడుచు సూది పట్టుకునే లేచింది. "మేమిద్దరం నీకు గుంజల్లా కనిపిస్తున్నామా?"

గేటమ్మ ఆమెను కళ్ళతోనే ఆపి, గొంతుకు తేనె పూసుకుంది. "ఎండలో ఉన్నావు. కూర్చో బాబూ, టీ తాగు." అతను కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చోగానే, గుమ్మం పక్కనున్న స్టాండును మెల్లగా మడిచి లోపలి మంచం కిందికి తోసింది. ఆడపడుచు గుమ్మానికి గడియలా అడ్డం నిలబడింది.

"ఏం పని చేస్తుంటావు?"

"ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తానండీ. సెలవు దొరికితే మూసేసిన రైలు దారులు వెతుక్కుంటూ వెళ్ళి ఫోటోలు తీస్తాను. సరదా."

"సరదాకి పెళ్ళాం పిల్లల్ని ఫోటో తీసుకుంటారు గానీ తుప్పును తీస్తారటయ్యా?"

"మా ఆవిడ కూడా ఇదే అంటుందండీ."

అతను నవ్వాడు. గేటమ్మ నవ్వలేదు. "క్వారీ గేటు దగ్గర తీశావా?"

"తీశానండీ."

"నువ్వు తీశాకే అది కూలింది."

"అబ్బే, కూలుస్తారని తెలిసే తీశానండీ. తర్వాత తీద్దామంటే ఏముంటుంది అక్కడ?"

అనేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"మరి ఇక్కడికెందుకొచ్చావు?" అంది గేటమ్మ.

అతను గ్లాసు కింద పెట్టాడు. "పట్టాలు పీకే కాంట్రాక్టరు కాలు విరిగి మా దగ్గరికొచ్చాడండీ. వచ్చే నెల ఈ దారిలో గదులన్నీ పడగొడతామన్నాడు. ఖాళీవే కాబట్టి తేలిక పనన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను."

"ఖాళీ అని వాడికి చెప్పింది నువ్వేనా?"

"ఒట్టండీ, నేను కాదు."

ఒట్టు ఎవరైనా వేస్తారు. అయినా ఆమె లేచి కొంగు బిగించింది. "అయితే లే. మళ్ళీ తియ్యి. బట్టలతో సహా తియ్యి."

పొయ్యి వెలిగించి తీయించింది. మంచాలూ, చొక్కాల మూటలూ, కిటికీకి పాకిన చిక్కుడు తీగా తీయించింది. ఆడపడుచు తల దువ్వుకుని వచ్చింది. "వదినా, బాగున్నానా?"

"బాగుండక్కర్లేదు. ఉన్నట్టుంటే చాలు."

పోయేముందు అతను అటూ ఇటూ వెతికాడు. "నా స్టాండు..."

"భద్రంగా ఉంది. ఫోటోలు తెచ్చి పట్టుకెళ్ళు."

అతను తెచ్చాడు. ఒక్కో ఫోటో వెనక్కీ ముందుకీ తిప్పి చూశాక గానీ ఆమె స్టాండు ఇవ్వలేదు. ముగ్గురూ రైల్వే ఆఫీసుకు బయల్దేరారు. అతన్ని ముందు నడవమంది. వెనక ఉంటే ఏ సందులోకి జారుకుంటాడో!

ఆఫీసరు ఫోటోలు చూసి కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇవన్నీ ఖాళీ గదులన్నారే మావాళ్ళు!"

"ఎప్పుడైనా తలుపు తట్టారా బాబూ?"

"నేనే తీశానండీ," అన్నాడు ఎక్స్‌రే ఆయన. "పొయ్యి సెగ చేతికి తగిలింది కూడా."

ఆఫీసరు ఇంకో రెండుసార్లు ఫోటోలు తిరగేశాడు. "పట్టాలు మాత్రం తీసేస్తారమ్మా. ఆ గదుల జోలికి వెళ్ళొద్దని నేను చెబుతాలెండి."

"మేం వెళ్ళాక కాదు. నా ఎదురుగా చెప్పండి."

ఆయన ఫోను చేసి, గేటు గది వదిలెయ్యమని కాంట్రాక్టరుకు చెప్పాడు. గేటమ్మ చెయ్యి చాచింది. "ఒకసారి ఇలా ఇవ్వండి." ఆఫీసరు తెల్లబోయి ఇచ్చాడు.

"ఏ గదయ్యా వదిలేసేది?"

"గేటు గదండీ."

"ఎవరున్న గది?"



"మీరున్న గదమ్మా."

అప్పుడు ఫోను తిరిగిచ్చింది.