అండీ అన్నందుకు పడిన వడ్డీ

పోయినవి ముందు చెబుతాను. నాలుగెకరాల పత్తి, అందులో మూడెకరాలు కౌలుది. దాని మీద పోసిన మందు, ఎరువు, కూలి. తర్వాతి పంట పెట్టుబడికి అమ్ముకున్న ఎడ్ల జత. ఎరువులు, మందుల షాపులో తేలిన బాకీ ఎనభై నాలుగు వేలు. ఆ పై ఏడు, సొంతానికున్న ఒకే ఒక్క ఎకరం.

తొంభైల చివరిలో ఆ ఏడు ఎన్నిసార్లు మందు కొట్టినా శనగపచ్చ పురుగు కాయలోనే కూర్చుంది. మునిగింది నేనొక్కణ్ణే కాదు. నా పక్క చేను నా స్నేహితుడిది. పదో తరగతి దాకా ఒకే బెంచీ మాది. అతనిదీ నాలుగెకరాలే, అదే విత్తనం, అదే పురుగు, అదే షాపులో అప్పు, ఓ వెయ్యి అటూ ఇటూగా అంతే. తేడా ఒక్కటే. ఆ షాపు యజమాని అతనికి మేనమామ. బడి సెలవులన్నీ అతను ఆ షాపులో యూరియా బస్తాల మీద పడుకుని గడిపినవాడు. సరుకు రేటు ఎప్పుడు పెరుగుతుందో, ఎవరి చెక్కు చెల్లుతుందో, ఎవరిది చెల్లదో అన్నం తింటూ విన్నవాడు. నేను ఆ సెలవుల్లో మా నాన్నతో పాటు కూలికి వెళ్ళాను. వడ్డీ లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. కట్టాల్సి వచ్చాక నేర్చుకున్నాను.

పత్తి పోయాక ఇద్దరం కలిసే షాపుకి వెళ్ళాం. యజమాని కళ్ళజోడు పైనుంచి అతన్ని చూశాడు.

"ఏరా, మొత్తం నాకించేశావా? మీ అమ్మకి చెప్పావా?"

"చెప్పలా మావయ్యా. తంతుంది."

"తన్నించుకో, మంచిదే. సరే, ఈ ఏడు మిరప వెయ్యి. లోపల అత్తయ్య వడ్డిస్తోంది, తినేసి పో."

తర్వాత నా వైపు తిరిగాడు. గొంతు మారింది. "కూర్చోండి. మరి మీదెట్టా చేద్దామండీ? నోటు రాసుకుందామా? రెండు రూపాయల వడ్డీ, అందరికీ అంతే."

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు సంతోషమే వేసింది. కూలివాడి కొడుకుని, పాతికేళ్ళవాణ్ణి పట్టుకుని అంత పెద్దమనిషి అండీ అన్నాడని ఇంట్లో చెప్పుకున్నాను. నూటికి నెలకి రెండు రూపాయలు చొప్పున ఆ మాట ఖరీదు ఏడాదికి ఇరవై వేల నూట అరవై. ఏరా అనిపించుకున్నవాడికి వడ్డీ లేదు, నోటు లేదు, పైగా భోజనం.

ఆ ఏడు ఇద్దరం రెండేసి ఎకరాల్లో మిరప వేశాం. నాకు ఎనభై టిక్కీలు, అంటే బస్తాలు, వచ్చాయి, ముప్పై ఆరు క్వింటాళ్ళు. అతనికీ అంతే. మార్చిలో మార్కెట్ యార్డులో రేటు క్వింటా పద్దెనిమిది వందలకి పడింది. అందరూ ఒకటే మాట, వానల నాటికి పెరుగుతుంది, ఏసీలో పెట్టుకోండి అని. మా దగ్గర కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు. ఆ ఎనభై టిక్కీలు ఆరు నెలలు ఏసీలో ఉంటే నా ఎకరం నాకుంటుంది, లేకపోతే ఉండదు. అంత తేలిక లెక్క. షాపుకి వెళ్ళి అడిగాను.

"మీరు చెప్పింది సబబేనండీ," అన్నాడు యజమాని. "కానీ కంపెనీవాళ్ళు నా మెడ మీద కూర్చున్నారు. నెలాఖరుకి తేల్చెయ్యాలండి. మీబోటి మర్యాదస్తులకి నేను చెప్పాలా?"

అక్కడే అతని మేనల్లుడి కాయలు ఏసీకి వెళ్ళే లారీలో ఎక్కుతున్నాయి.

అమ్మేశాను. ఖర్చులు పోను అరవై ఒక్క వేలు వచ్చింది. వడ్డీతో బాకీ లక్షా నాలుగు వేల నూట అరవై. ఇంకా నలభై మూడు వేల నూట అరవై తక్కువ. నా ఎకరానికి ముప్పై ఎనిమిది వేలు వెల కట్టారు. కొన్నది ఎవరో కాదు, నా స్నేహితుడే. అతను నా చేతిలో రూపాయి పెట్టలేదు. అతని దగ్గర లేదు కూడా. మామ నా పేరు మీద ముప్పై ఎనిమిది వేలు తీసేసి మేనల్లుడి పేరు మీద వేసుకున్నాడు, వడ్డీ లేకుండా. అలా నా పొలం చేతులు మారింది. మిగిలిన ఐదు వేల చిల్లరకి వడ్డీ వేయనులెండి అని నాకో ఉపకారం చేశాడు.

సెప్టెంబరులో రేటు మూడు వేల నాలుగు వందలైంది. నా టిక్కీలు అప్పటిదాకా ఉండుంటే ఎంతొచ్చేదో ఏసీ అద్దె, ఖర్చులు అన్నీ తీసేసి చూశాను. లక్షా పదమూడు వేలు. నా ఆరు నెలల అదనపు వడ్డీ కలిపినా తక్కువ పడేది పన్నెండు వందల నలభై. ఆ సొమ్ముకి ఎవరూ ఎకరం అమ్మరు.

నేను యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాగా చేరాను. అతను మామ కూతుర్ని చేసుకున్నాడు. షాపు అతనిదైంది. తర్వాత ఏసీలో వాటా.

కొన్నేళ్ళకి మా బడికి ప్రహరీ గోడ కట్టించాడని సన్మానం పెట్టారు. మైకు ముందు నిలబడి పిల్లలకి చెప్పాడు. "నేను సున్నా నుంచి వచ్చినవాణ్ణి. పత్తిలో అంతా పోగొట్టుకున్నాను. మా నాన్న నాకు రూపాయి ఇవ్వలేదు. నాకున్నదల్లా ఓపిక. రేటు వచ్చేదాకా ఆగాను, అంతే."

చప్పట్లు. హెడ్మాస్టరు గారు తల ఊపుతున్నారు.  అబద్ధమాడుంటే నాకింత రోత పుట్టేది కాదు. అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. నాన్న నిజంగానే ఇవ్వలేదు. ఆగిందీ నిజమే. తనని ఆగనిచ్చింది ఎవరో అతనికి కనపడదు. పుట్టిన్నాటి నుంచి ఉన్న గాలిని ఎవరు మాత్రం లెక్కలో రాసుకుంటారు?

పక్కన కూర్చున్న మా ఊరి రైతు నా చెవిలో అన్నాడు. "ఓపిక ఎక్కడ దొరుకుద్దో కనుక్కోరా. రెండు టిక్కీలు తెచ్చుకుందాం."

నా స్నేహితుడు దండలతో కిందికి దిగి నా దగ్గరికి వచ్చాడు. బళ్ళో బెంచీ మీద నా మోచేతిని తోసి ఒరేయ్ జరుగు అన్న నోరు అది.

"బాగున్నారా అండీ? అప్పట్లో మీరు కాస్త తొందరపడ్డారు. మామయ్య పుస్తకంలో మీ పేరున ఏదో చిన్నది ఉండిపోయింది. కొట్టేస్తానులెండి."

"కొట్టెయ్యొద్దు. ఉండనీ," అన్నాను.

డబ్బు లేక కాదు. మర్నాడే తెచ్చి ఇవ్వగలను. ఇస్తే ఆ లెక్క న్యాయమైనదని నేను సంతకం పెట్టినట్టు. కొట్టేయనిస్తే ఇంకో మైకు ముందు నేను అతని దానంలో ఒక పద్దు అవుతాను. రెండూ నాకు అసహ్యమే. అందుకే తీర్చలేదు, తీసేయనివ్వలేదు. ఐదు వేల నూట అరవై రూపాయలు, ఈ రోజుకీ.