రొయ్యల పేపరూ, ఆఖరి బంతీ

మేం చదువుకునే కాలంలో చదువుకు ఒక గొప్ప సుఖం ఉండేది. ఏం చదువుతావని మనల్ని ఎవరూ అడిగేవారు కాదు. పదోతరగతి మార్కులు రాగానే నాన్నగారూ, మావయ్యగారూ, మా అరుగు మీద కాలక్షేపానికి వచ్చే పోస్టుమాస్టరుగారూ కలిసి కాఫీలు తాగి తేల్చేసేవారు. మనం వెళ్ళి పుస్తకాలు కొనుక్కోవడమే. అలా నా ప్రమేయం ఏమీ లేకుండా ఇంటర్లో బైపీసీ, తర్వాత అమలాపురంలో బీఎస్సీ దాకా హాయిగా కొట్టుకొచ్చేశాను. (బొద్దింకల్ని కొయ్యాల్సి వస్తుందని తెలిస్తే నేను కూడా ఆ కాఫీల్లో కూర్చునేవాణ్ణి.) తీరా డిగ్రీ మూడో ఏడు వచ్చేసరికి యూనివర్సిటీ వారికి మా మీద ఎందుకో జాలి పుట్టింది. ఇకనుంచి జువాలజీలో ఒక పేపరు విద్యార్థులే ఎంచుకోవాలన్నారు. దాని పేరు ఎలెక్టివ్. ఆ స్వేచ్ఛే నా కొంప ముంచింది.

ఎంచుకోవడానికి ఉన్నవి రెండు. ఒకటి ఆక్వాకల్చర్, అంటే చేపలూ రొయ్యల పెంపకం. రెండోది సెరికల్చర్, అంటే పట్టుపురుగుల పెంపకం. తొంభైల్లో మా ఐ.పోలవరం వైపు పరిస్థితి తెలిసినవాళ్ళకి ఇందులో ఎంచుకోవడానికి ఏముందో అర్థం కాదు. నిన్నటిదాకా వరి ఊడ్చిన చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఏ ఇంట చూసినా టైగర్ రొయ్య మాటే. డిగ్రీలో ఆక్వాకల్చర్ చదివినవాడు కనిపిస్తే మేత కంపెనీలవాళ్ళు మోటారుసైకిలిచ్చి మరీ ఉద్యోగంలోకి తీసుకుపోతున్నారు. పట్టుపురుగు మాటకొస్తే, మా ప్రాంతంలో దాన్ని చూసినవాడు లేడు. అది తినే మల్బరీ ఆకూ లేదు. కొబ్బరాకు అది తినదు.

నాన్నగారు నన్ను పిలిచి సంగతి తేల్చి చెప్పారు. "ఆ రొయ్యల పేపరు దొరికిందనుకో, ఇక్కడే ఏదో కంపెనీలో పడతావు, ఇంటి అన్నం తింటావు. దొరకలేదనుకో, బావగారు మస్కట్ నుంచి వీసా పంపుతానంటున్నారు. డిగ్రీ అవగానే బయల్దేరుదువుగాని." బావగారంటే మా పెద్దక్క భర్త. మంచివారే. కానీ నేను మస్కట్ వెళ్ళే జాతి మనిషిని కాను. అంతకుముందోసారి కాకినాడలో మా పిన్నిగారింట్లో నాలుగు రోజులుండాల్సి వస్తే, రెండో రోజే జ్వరం తెచ్చుకుని తిరిగొచ్చేసినవాణ్ణి. సాయంత్రం మా ఊరి కాలవగట్టు మీద కాసేపు కూర్చోకపోతే నాకు అన్నం సహించేది కాదు. అంచేత రొయ్యల పేపరంటే నాకు చదువు కాదు, మా ఊళ్ళో ఉండనివ్వడానికి ఇచ్చే అనుమతి.

సమస్యల్లా ఒకటే. ఆక్వాకల్చర్ వాళ్ళని చెరువుల దగ్గరికి తీసుకెళ్ళి చూపించాలట. కాలేజీకి ఉన్నదొక పాత వ్యాను. అందులో ఎంతమంది పడితే అంతమందికే ఆ పేపరు. ముందొచ్చినవాళ్ళకి ముందు. ఈ ముక్క వినగానే నాకా పేపరు దక్కదని తేలిపోయింది. ఎందుకో తెలియాలంటే మా ఇంట్లో పెళ్ళిభోజనాల పద్ధతి చెప్పాలి.

మా నాన్నగారి దృష్టిలో మనుషులు రెండు రకాలు. మొదటి బంతిలో కూర్చునేవాళ్ళూ, ఆఖరి బంతిలో కూర్చునేవాళ్ళూ. పెళ్ళి ఎవరిదైనా సరే, మేం మాత్రం ఆఖరి బంతి. అందరూ తిన్నారా, ముసలివాళ్ళు తిన్నారా, దూరం నుంచి వచ్చినవాళ్ళు తిన్నారా అని చూసుకుని అప్పుడు కూర్చోవాలి. విస్తరి ముందు కూర్చున్నాక కూడా పక్కన ఎవరైనా నిలబడి ఉంటే లేచి "మీరు కూర్చోండి" అనాలి. అప్పటికి పులిహోరలో జీడిపప్పు మాయమయ్యేది, సాంబారు పలచబడేది, బూరెల గంగాళంలో గరిటె చప్పుడు మాత్రమే మిగిలేది. (పెళ్ళిళ్ళలో బూరెలు వేస్తారని నేను చాలాకాలం వినడమే గానీ చూడలేదు.) ఇలా పెరిగినవాణ్ణి తీసుకొచ్చి, ముందొచ్చినవాళ్ళకే సీటు అంటే ఏం చేస్తాడు?

అయినా ఆ రోజు నేను గట్టి పట్టు మీదే బయల్దేరాను. మా ఊరి మొదటి బస్సెక్కి, వాచ్‌మన్‌కంటే ముందు కాలేజీకి చేరి, జువాలజీ ల్యాబు గడప ముందు నిలబడ్డాను. ఎవరొచ్చినా కదలకూడదని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. కాసేపటికి క్లాసువాళ్ళంతా వచ్చారు. మా క్లాసులో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే అలవాటు లేదు. ఊరిపేరుకి గారు తగిలించేవాళ్ళం. నేను పోలవరంగారిని. నా పక్కన వచ్చి నిలబడినాయన రాజోలుగారు. సన్నగా, పొడుగ్గా, ఎవరైనా చూస్తే ముందే క్షమాపణ చెప్పేసేలా ఉండేవారు. ఆయనకీ రొయ్యల పేపరే కావాలి. ఆయన కూడా ఆఖరి బంతివారేనని తర్వాత తెలిసింది.

మాస్టారు వచ్చి ల్యాబు తెరిచారు. ఆయనది అనంతపురం. మా జిల్లాకి బదిలీ అయి వచ్చి మా మర్యాదలతో అప్పటికే కొంత నలిగిపోయి ఉన్నారు. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, అటు రొయ్యలు, ఇటు పురుగులు అని రాసి, సుద్దముక్క పట్టుకుని "ఒక్కొక్కరు రాండప్పా" అన్నారు. నా కాలు గడప మీదే ఉంది. ఒక్క అడుగు వేస్తే చాలు. వెయ్యబోతూ, పుట్టుకతో వచ్చిన జబ్బు ఊరుకోక, వెనక్కి తిరిగి చూశాను. చూస్తే ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళని వెనక నిలబెట్టి మనం ముందెళ్ళడం ఏం బాగుంటుందని పక్కకి జరిగాను. వాళ్ళ వెనక ఒకాయనకి జ్వరం. ఇంకొకాయన వాళ్ళ తాతగారికి బాగాలేదట, వెంటనే ఇంటికి పోవాలట. ఆ తర్వాతాయన మా అమ్మ పుట్టింటి ఊరివాడు. ఇక ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఏ కారణమూ లేదు గానీ, అంతమందిని పంపించి వీళ్ళని ఆపితే పక్షపాతంగా ఉంటుందని వాళ్ళనీ వెళ్ళమన్నాను. గడపకి అటువైపు నిలబడి రాజోలుగారు కూడా అదే పని చేస్తున్నారు. పెళ్ళివారింటి ముందు పన్నీరు చల్లేవాళ్ళలా ఇద్దరం క్లాసునంతా లోపలికి సాగనంపాం.

చివరికి గడప దగ్గర మిగిలింది మేమిద్దరం. బోర్డు మీద మిగిలింది ఒక్క సీటు. నాకు కళ్ళ ముందు మస్కట్ కనిపించింది. అయినా నా నోరు నా మాట వినలేదు.

"మీరెళ్ళండి రాజోలుగారూ. మళ్ళీ రేవు దాటి పోవాలి కదండీ మీరు."

"అబ్బే, అదేం మాటండీ. మొదట వచ్చింది మీరు కదండీ."

ఇలా కాసేపు సాగాక, నేను ఆయన్ని వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టేశాను. (మర్యాదలో నాదే పైచేయి కావాలన్న పంతం కూడా కొంత ఉందని ఇప్పుడనిపిస్తుంది.) మాస్టారు ఆయన పేరు రొయ్యల కింద రాసి, నా పేరు పురుగుల కింద రాశారు. తిరుగు బస్సులో నాకు దుఃఖం వచ్చింది. కిటికీలోంచి మా ఊరి కొబ్బరిచెట్లన్నీ నాకు చెయ్యూపి వీడ్కోలు చెబుతున్నట్టే ఉన్నాయి. ఇంట్లో మాత్రం పేర్లింకా రాయలేదని అబద్ధం చెప్పాను.

మర్నాడు కాలేజీలో అడుగుపెట్టేసరికి రాజోలుగారు నా కోసం ఎదురుచూస్తున్నారు. పేపరు దొరక్కపోతే నన్ను మస్కట్ పంపేస్తారని ఆయనకి ఎవరో చెప్పారట. మొహం పీక్కుపోయి ఉంది. "మీ అన్నం నేను తిన్నట్టయిందండీ," అని నా చెయ్యి పట్టుకుని నేరుగా మాస్టారి దగ్గరికి లాక్కుపోయి, తన పేరు తుడిచేసి నా పేరు రాయమన్నారు. దేవుడు ఇలా రెండోసారి తలుపు తట్టడం మనుషులకి అరుదుగా జరుగుతుంది. నేను చెయ్యవలసిందల్లా నోరు మూసుకుని నిలబడడం. మాస్టారు ఆయన పేరు తుడిచేశారు కూడా. సుద్దముక్క ఎత్తారు. అప్పుడు నేను "వద్దు మాస్టారూ, ఆయనకే ఉంచండి" అన్నాను. "కాదండీ, వారికే రాయండి," అన్నారు రాజోలుగారు. ఒక చేత్తో సుద్దముక్క, ఒక చేత్తో డస్టరు పట్టుకుని మాస్టారు కాసేపు మమ్మల్ని మార్చి మార్చి చూశారు.

"ఏమప్పా, ఇంతకీ మీకు కావల్లా, వద్దా?" అని అడిగారు. పాపం, ఆయన గొంతులో కోపం లేదు, నీరసం ఉంది.

సరిగ్గా అప్పుడు, రికార్డు సంతకానికి వచ్చిన కె.గంగవరంగారు మా వెనక నుంచి చిన్నగా దగ్గారు. ఈయన నిన్న ఊళ్ళో లేక ఆలస్యంగా వచ్చి పురుగుల్లో పడ్డవారు. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "మీ ఇద్దరికీ ఏమీ ఇబ్బంది లేదంటే, నన్ను తీసుకోమంటారా అండీ?" అన్నారు. ఏం చెప్పమంటారు? అంత మర్యాదగా అడిగినవారిని కాదనడం మా ఇద్దరి వంశాల్లోనూ లేదు. నేనూ రాజోలుగారూ ఒక్కసారే "ఆయ్, తీసుకోండి" అన్నాం. మాస్టారు ఒక్క క్షణం కూడా ఆగకుండా రాసేశారు.

ఇక ఇంట్లో చెప్పక తప్పలేదు. నాన్నగారు పడక్కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన, "మరి ఆ రాజోలు అబ్బాయికైనా దక్కిందా?" అని అడిగారు. లేదండీ అన్నాను. "వాళ్ళ నాన్నగారు కూడా ఆఖరి బంతేనా?" అన్నారు. ఆయ్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "నువ్వు తప్పు చేసేవని నేనెలా అంటాను రా. నేర్పింది నేనే. పాస్‌పోర్టుకి ఫొటోలు తీయించుకో," అన్నారు. వంటింటి గుమ్మంలో నిలబడిన మా అమ్మ మాత్రం, "చూసేరా మీ బంతుల గోల," అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది నేనూ రాజోలుగారూ పక్కపక్క బెంచీల్లో కూర్చుని పట్టుపురుగుల్ని పెంచాం. ఆ పేపరు చెప్పే మేడంగారు ఎక్కడినుంచో మల్బరీ ఆకు తెప్పించేవారు. ఆకు వెయ్యగానే తట్టలో పురుగులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి, తోసుకుని, కరకరా నమిలేసేవి. వాటిలో ఒక్కటైనా వెనక్కి తిరిగి పక్కదాన్ని ముందు తినమని అనలేదు. వాటిని చూస్తే నాకు అసూయగా ఉండేది. రాజోలుగారు కూడా వాటినే చూస్తూ నిట్టూర్చేవారు. మేం ఎందుకు నవ్వుకుంటున్నామో, ఎందుకు మొహాలు వేలాడేస్తున్నామో మేడంగారికి ఏడాది చివరిదాకా అంతుపట్టలేదు.

డిగ్రీ అయింది, మస్కట్ వెళ్ళాను. ఒక పెద్ద దుకాణం గోదాములో ఉద్యోగం. మొదటి నెలల్లో రోజూ ఏడ్చేవాణ్ణి, తర్వాత తీరిక లేక మానేశాను. అక్కడ నేను మారాను. కంపెనీ బస్సు రాగానే ముందు ఎక్కడం, కిటికీ పక్క సీటు పట్టడం, భోజనశాలలో అందరికంటే ముందు పళ్ళెం చాపడం నేర్చుకున్నాను. కొన్నేళ్ళకి మా గదిలోకి కొత్తవాడొచ్చాడంటే వెళ్ళి చూశాను. కె.గంగవరంగారు. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు తగిలి చెరువులన్నీ తుడిచిపెట్టుకుపోయాయట, మోటారుసైకిలిచ్చిన కంపెనీ మోటారుసైకిలు తీసేసుకుందట. ఆయన నా వంక చూసి, "మీ సీటు నేను తీసుకున్నాను కదండీ," అని తల దించుకున్నారు. అది నిలబెట్టుకున్నా ఇక్కడికే వచ్చేవాణ్ణి లెండి అన్నాను. ఓదార్పుకే అన్నాను గానీ, నిజం చెప్పాలంటే నాకు అందులో ఓదార్పేమీ దొరకలేదు. మా ఊళ్ళో ఉండాల్సిన కొన్నేళ్ళు ఎలాగూ పోయాయి.

ఇలా ఏళ్ళు గడిచాక ఒకసారి సెలవు మీద వచ్చి, రావులపాలెంలో దిగి అమలాపురం బస్సు కోసం నిలబడ్డాను. అరటిగెలల లారీల మధ్య జనం కిటకిటలాడుతున్నారు. బస్సు ఇంకా ఆగకుండానే పరుగెత్తి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒక సీట్లో నా రుమాలు వేసేశాను. మస్కట్‌లో నేర్చిన విద్య ఊరికే పోతుందా? విజయగర్వంతో లోపలికెక్కి చూస్తే, నా సీటు పక్కన కమ్మీ పట్టుకుని సన్నగా, పొడుగ్గా ఒకాయన నిలబడి ఉన్నారు. జుట్టు కొంచెం నెరిసింది. అంతే తేడా.

"రాజోలుగారు కదండీ?"

"పోలవరంగారా? మీరెప్పుడొచ్చేరండీ?"

ఆయన రాజోలులోనే బడి మాస్టారయ్యారట. ఇప్పుడు తోడల్లుడిగారింట పెళ్ళి చూసుకుని ఇంటికి పోతున్నారు. భోజనం అయిందా అని అడిగితే, "ఆయ్, అయిందండి. బూరెలు మాత్రం అయిపోయేయండి," అన్నారు. నేను రుమాలు చూపించి కూర్చోమన్నాను. ఆయన నన్నే కూర్చోమన్నారు. దూరం నుంచి వచ్చారు, అలిసిపోయి ఉంటారు, సీటు మీదే కదా అన్నారు. నేను ససేమిరా అన్నాను. ఆయనా ససేమిరా అన్నారు. బస్సు కదిలింది. కొత్తపేటలో ఒకావిడ అరటిగెలతో ఎక్కి, "ఇక్కడెవరూ కూర్చోవడం లేదాండీ?" అని అడిగింది. మేమిద్దరం ఒక్కసారే లేదన్నాం. ఆవిడ గెలని నా రుమాలు మీద పడుకోబెట్టి తను దాని పక్కన నిలబడింది.

అమలాపురం దాకా అరటిగెల కూర్చుంది, మేం నిలబడ్డాం. కుదుపులకి నా నడుం విరిగిపోతోంది. ఆ నొప్పిలో నాకు ఉన్నట్టుండి కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో అక్కడ రోజూ ముందు సీట్లో కూర్చున్నాను గానీ, మీరు కూర్చోండి అని నాతో అన్నవాడు ఒక్కడూ లేడు. ఆ మాట నాకు ఎంత కరువైపోయిందో అది మళ్ళీ చెవిన పడేదాకా నాకే తెలియలేదు. రాజోలుగారు నా మొహం చూసి, దుమ్ము పడిందాండీ అని అడిగారు. ఆయ్ అన్నాను.

ఆ సెలవు అయ్యాక నేను తిరిగి మస్కట్ వెళ్ళలేదు. ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఒంట్లో బాగుండడం లేదని చెప్పాను. రావులపాలెం బస్సులో ఒకాయన నన్ను కూర్చోమన్నారని చెబితే ఎవరు నమ్ముతారు? నాన్నగారికి మాత్రం నిజం చెప్పాను. ఆయన అంతా విని, "మరి ఆ గెల తెచ్చినావిడైనా కూర్చుందా?" అని అడిగారు.