ఫెలేటి సున్తీ గది

మా దీవి ఆసుపత్రిలో ఫెలేటి చేతికి తిరుగులేదు. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడి మగపిల్లల సున్తీలన్నీ ఆయనే చేశాడు. పక్కన మందులందించేవాణ్ణి నేను. మా టోంగా దీవుల్లో దీనికి మతంతో పనిలేదు. చేయించుకోనివాణ్ణి తోటివాళ్లు బతకనివ్వరు, అంతే.

ఆ ఏడు ఆస్ట్రేలియా నుంచి గ్రాహం అనే పెద్ద డాక్టరొచ్చాడు. వచ్చీ రాగానే ఊరందరినీ చర్చి హాల్లో పోగేసి, "సున్తీ అనాగరికం, ఆపేద్దామా?" అన్నాడు. అక్కాతమ్ముళ్లు, అన్నాచెల్లెళ్లు కలిసి కూర్చున్నచోట ఆ మాట! మావాళ్లు చచ్చినా ఎత్తరు. సిగ్గుతో అందరూ తలలు దించుకున్నారు. ఈ మహానుభావుడేమో "ఎవరూ కాదనలేదు" అని, సున్తీ గది మూసేయాలని రాజధానికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

గది మూస్తే పిల్లలు తోటల్లో ఎవడి పాత బ్లేడు కిందో పడుకుంటారని ఫెలేటికి తెలుసు. సరాసరి డాక్టరు దగ్గరికెళ్లాడు. వెనకాలే నేను.

"డాక్టరుగారూ, తప్పుగా అనుకోకండి. మీకైందా?"

ఆయన మొహం కందగడ్డయింది. "పుట్టిన వారానికే చేశారు. అప్పట్లో మా దగ్గర దాదాపు అందరికీ చేసేవారు, శుభ్రత కోసం. అది వైద్యం."

"ఓహో! మీరు చేస్తే వైద్యం, మేం చేస్తే అనాగరికమా? పోనీ, మిమ్మల్ని అడిగే చేశారా?"

నవ్వాపుకోలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"లేదు, అడగలేదు," అన్నాడు డాక్టరు. "మరి నువ్వు అడుగుతున్నావా ఫెలేటీ?"

డాక్టరే ఆ ఉత్తరం చింపేశాడు. గది నిలిచింది. గెలిచామని నేను గంతులేశాను కానీ ఫెలేటి మాత్రం డాక్టరడిగిన మాటే పట్టుకున్నాడు.

డిసెంబరు సెలవుల్లో పదిమంది పిల్లలొచ్చారు. అందరికన్నా చివర ఫెలేటి మనవడు సెమిసి, పదకొండేళ్లవాడు. వాళ్లింట్లో అప్పటికే సున్తీ విందుకి పంది కాలుతోంది. ఫెలేటి ఒక్కొక్కణ్ణే లోపలికి పిలిచి, తలుపేసి, "నీకిష్టమేనా?" అనడిగాడు. ముప్ఫై ఏళ్లలో అదే మొదటిసారి. తొమ్మిదిమందీ "ఆఁ, తొందరగా కానీ" అన్నారు.

సెమిసి మాత్రం "వద్దు తాతా" అన్నాడు.

"భయమా?"

"భయం కాదు. నాకొద్దు."

ఫెలేటి కత్తి పక్కన పెట్టేశాడు. తెల్లటి గుడ్డ తీసి, అందరికీ కట్టినట్టే మనవడికీ కట్టు కట్టాడు.

"కాళ్లు ఎడంగా వేసి నడువు, నాయనా," అన్నాడు. "ఎవరడిగినా తాత చేశాడని చెప్పు. నేనూ అదే చెబుతా."