నాన్నమ్మ సిరా పూసిన కిటికీ

నా చిన్నప్పుడు మా వంటింటి కిటికీని చూస్తేనే నాకు డోకొచ్చేది. రాయ్‌పూర్ దాటాక సిల్తారా వైపు ఒక ఇనుము ఫ్యాక్టరీలో నాన్న పని చేసేవారు. మా క్వార్టర్సు కూడా అక్కడికి దగ్గర్లోనే. రాత్రనకా పగలనకా పొగగొట్టాల మసి కురుస్తూనే ఉండేది. అద్దం మీద వేలు పెడితే నల్లటి జిగురు అంటుకుని వచ్చేది, సబ్బుతో ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లోంచి పోయేది కాదు. కిటికీ అంచున బల్లి రెట్టలు, రెక్కలూడిన ఉసుళ్ళు ఆ జిగురులోనే అతుక్కుని ఎండిపోయి ఉండేవి. ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్ళు జలదరిస్తోంది. అన్నం తినేటప్పుడు నేను దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని.

ఆ ఏడు అమ్మకి ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఉద్యోగం. తమ్ముడు అప్పుడే పాకుతున్నాడు. వాణ్ణి చూసుకోవడానికి విజయనగరం నుంచి నాన్నమ్మ వచ్చింది. ఆవిడ ఉంటే అమ్మ బడికి వెళ్తుంది, ఆవిడ వెళ్ళిపోతే అమ్మ ఉద్యోగం మానుకోవాలి. ఇంట్లో ఎవరూ ఈ మాట పైకి అనలేదు గానీ నాతో సహా అందరికీ తెలుసు.

అసహ్యించుకోవడంలో నాన్నమ్మ నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. నాకు ఆ గుణం ఆవిడ నుంచే వచ్చిందని అమ్మ అనేది. పొద్దున్న బోర్లించిన గిన్నెకి మధ్యాహ్నానికల్లా మసి. తమ్ముడి మోకాళ్ళు నలుపు. ముక్కు చీదితే అదీ నలుపే. "ఏటమ్మా ఈ రోత, పందులు కూడా ఉండవు ఇక్కడ. నానుండలేను, నన్ను రైలెక్కించీయండి" అని రోజూ సణిగేది. ఆవిడ కోపమంతా ఆ కిటికీ మీదే, రోజంతా దాని ఎదురుగా నిలబడి వండేది ఆవిడే కదా. అమ్మ బడి నుంచి రాగానే కుచ్చిళ్ళు ఎగదోపి, బయటికి వెళ్ళి అద్దాలు కడిగేది. ఎంత కడిగినా ఆరేసరికి చారలు చారలుగా తేలేవి. నాన్నమ్మ చూసి మొహం తిప్పుకునేది.

ఈ తంతంతా పక్కింటి ఆంటీ చూస్తూనే ఉంది. ఆవిడ రాయ్‌పూర్ మనిషి, తెలుగు రాదు. ఒక మధ్యాహ్నం నాన్నమ్మ ఒక్కర్తీ ఉన్నప్పుడు వచ్చి, సిరకా వేసి పాత అఖ్బారుతో తుడిస్తే అద్దం మెరుస్తుందని చెప్పి వెళ్ళింది. నాన్నమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. అఖ్బారంటే ఆంటీ చేత్తో పేపరు పట్టుకుని చూపించింది కాబట్టి తెలిసింది. సిరకా మాత్రం ఆవిడ చెవికి సిరా అని వినబడింది. పేపరు అచ్చేసేది సిరాతోనే కదా, రెండూ కలిపి వాడమనడంలో వింతేముంది అనుకుందట. నా అలమరలోంచి నీలం ఇంకుబుడ్డి తీసింది.

నేను బడి నుంచి వచ్చేసరికి అద్దం లోపలివైపంతా నీలం. మసిలో కలిసి బురదలా గోడ మీదికి కారుతోంది. నానిపోయిన పేపరు ముద్దలు, వాటికి అంటుకున్న బల్లి రెట్టలు, మోచేతుల దాకా నీలం పులుముకున్న నాన్నమ్మ. నా వెనకాలే వచ్చిన ఆంటీ అది చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. సిరకా అంటే ఇంకు పూసిందని నాకు హిందీలో చెప్పింది. ఎందుకు నవ్వుతోందని నాన్నమ్మ నన్నడిగింది. సిరకా అంటే వెనిగరనీ, చౌమీన్ బండి మీద సీసాలో ఉండే పుల్లనీళ్ళనీ చెప్పాను.

నాన్నమ్మ పంపు దగ్గరికి వెళ్ళింది. చేతులు కడుక్కుంది, నీలం పోలేదు. మంచం కింద నుంచి సంచి లాగి చీరలు సర్దుకోవడం మొదలెట్టింది. ఇక అమ్మ ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

అమ్మ వచ్చింది. కిటికీ చూసింది, నాన్నమ్మ చేతులు చూసింది, సంచి చూసింది. అమ్మ పెదవుల చివర నవ్వు కదలడం నాకు కనిపించింది. గొంతు కదిలింది, నవ్వుని మింగేసింది. అద్దం దగ్గరికి వెళ్ళి వంగి చాలాసేపు చూసింది.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి. సిరా నిలవకుండా విడిపోయిన చోటల్లా జిడ్డుంది చూడండి. ఇన్నాళ్ళూ నేను బయటివైపే తోముతున్నాను. మీరిది పూయకపోతే నాకు తెలిసేదే కాదు."

నాన్నమ్మ నమ్మకం లేనట్టే లేచి, కళ్ళజోడు పెట్టుకుని చూసింది. నిజంగానే సిరా చుక్కలు చుక్కలుగా విడిపోయి ఉంది. గోటితో గీకి వాసన చూసి మొహం వికారంగా పెట్టింది. "ఇది ఫేట్రీది కాదే. మన అప్పడాల నూనె" అంది. మసి బయటిదే, దాన్ని పట్టుకుని వదలనిది మాత్రం మా నూనె. ఆవిడ వచ్చాక రెండు పూటలా అప్పడాలూ వడియాలూ వేగుతున్న సంగతి అమ్మ ఎత్తనే లేదు.

ముందు వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి జిడ్డు వదలగొట్టారు. ముదురు గోధుమరంగు నీళ్ళు కారాయి, మాడిన నూనె కంపు. తర్వాత పక్కింటి నుంచి నేను గిన్నెలో తెచ్చిన సిరకా, అదొక కంపు. నేను ముక్కు మూసుకునే అందించాను. లోపల నాన్నమ్మ అడ్డంగా, బయట అమ్మ నిలువుగా తుడిచారు. చార మిగిలితే ఎవరి వైపుదో తెలియాలని అమ్మ ఉపాయం. అడ్డచారే ఒకటి మిగిలింది. నాన్నమ్మ ఇంకో పేపరు తీసుకుంది. దీపాల వేళకి అద్దం ఉందో లేదో తెలియనట్టయింది. అందులోంచి కనిపించే భాగ్యం ఏముంది గనక, పొగగొట్టాలే.

మర్నాడు పొద్దున్న నాన్నమ్మ నీలం చేతులతోనే తమ్ముణ్ణి చంకనేసుకుని, ఆలస్యమైపోతోంది నువ్వు బయల్దేరమని అమ్మని కసిరింది. అమ్మ ఆ ఉద్యోగంలోనే రిటైరయింది.

చాలా ఏళ్ళ తర్వాత నాన్నమ్మ నాతో ఒకసారి అంది. "ఆ పక్కింటిది నవ్వితే నవ్వింది, పరాయి మనిషి. మీయమ్మ కూడా నవ్వుంటే నానాయేళే రైలెక్కీసుందునే."

నాకు రోత ఏమీ తగ్గలేదు, ఇంట్లో పిల్లల్ని అడగండి. ఎవరైనా తెలియక ఏదైనా పాడుచేస్తే ముందు ఛీ అనబుద్ధవుతుంది, వెంటనే నవ్వొస్తుంది. రెండూ మింగి, వాళ్ళు చేసినదాన్ని వంగి చూస్తాను. మింగడం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అమ్మకి మాత్రం ఆ రోజు తేలికైందా ఏమిటి?