దూకిన చోటు

ఆదివారం ఉదయం ఏడూ నలభైకి తమ్ముడు రెండో జొన్నరొట్టె పెట్టించుకున్నాడు. హైదరాబాదు నుంచి ఆరుగురు వస్తున్నారని, వాళ్లను ముందు వికారాబాద్ గుట్టల్లో నడిపించి, మధ్యాహ్నానికి తాండూరు దగ్గర పాత నాపరాయి గనికి తీసుకొస్తానని చెప్పాడు. వారం వారం ఇలా ఎవరినో ఒకరిని ఎక్కడికో తిప్పడం అతని పని.

"గుట్టలెక్కుతరు, ఫోటోలు దిగుతరు, అయిపాయె. మల్ల గని ఎందుకురా?" అన్నాను.

"వాళ్లకు జర భయం కావాలె అక్కా. ఇంటికి పోయి చెప్పుకోవాలె గద. గుట్ట మీద ఏం భయముంటది, కోతులు తప్ప?"

గనిలో రాయిని పొరలు పొరలుగా తీస్తారు. పని ఆగి నీళ్లు నిండాక ఆ పొరల అంచులు మెట్లలా నీళ్ల కిందే ఉండిపోతాయి. తమ్ముడికి ఆ మెట్లన్నీ తెలుసు. ఆ ఏడు వానలు తక్కువై నీళ్లు దిగిన సంగతి మాత్రం అతను లెక్కలోకి తీసుకోలేదు. ఆ రోజు వచ్చినవాళ్లు నీళ్లలో దూకడానికి జంకుతుంటే ధైర్యం చెప్పడానికి తనే ముందు దూకాడు. తల మెట్టుకు తగిలింది.

నెల తిరగకముందే ఒక బండ మీద ఎర్ర రంగుతో రాయించి ఒడ్డున నిలబెట్టించాను. ఇక్కడ దూకవద్దు, ఇక్కడ దూకి ఒక మనిషి చనిపోయాడు అని. ఇంకెవరూ అలా పోకూడదు, నాకు కావలసింది అంతే. ఆదివారాలు అక్కడే కూర్చునేదాన్ని.

బండ పెట్టాక జనం పెరిగారు. దాని పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. వానాకాలంలో ఒకరోజు ఒక అమ్మాయి, చేతిలో ఫోను పట్టుకుని, మర్యాదగానే అడిగింది.

"ఆంటీ, ఆయన ఎక్కడికెళ్లి దూకిండు?"

ఆ చోటు చూస్తే వెనక్కి తగ్గుతారనుకున్నాను. చెయ్యెత్తి చూపించాను.

ఆమెతో వచ్చిన యువకుడు నేరుగా అక్కడికే వెళ్లి చొక్కా విప్పాడు. పరుగెత్తి అతని చెయ్యి పట్టుకున్నాను.

"చచ్చిపోయింది నా తమ్ముడయ్యా. నీ కాళ్లు మొక్కుత, దూకకు."

"నాకు ఈత మస్తు వస్తది ఆంటీ. పరేషాన్ కాకుండ్రి."

"ఆంటీని గూడ వీడియోల పట్టుండ్రిరా!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అతను చెయ్యి విడిపించుకుని దూకాడు.

నేను కళ్లు మూసుకున్నాను. కాసేపటికి చప్పట్లు వినిపించాయి. వానలకు నీళ్లు పెరిగి మెట్టు లోతుకు పోయింది. అతను నోట్లో నీళ్లు ఉమ్ముతూ నవ్వుతున్నాడు. అతను బతికినందుకు నాకు సంతోషం కలగలేదు. తమ్ముణ్ణి వదలని రాయి ఇతణ్ణి ఎందుకు వదిలిందని కోపం వచ్చింది. ఆ కోపం చూసి నాకే భయం వేసింది.

మరుసటి ఆదివారం రెండు కార్లు వచ్చాయి. దిగుతూనే అడిగారు, "మనిషి చచ్చిపోయిన స్పాట్ గిదేనా?" అని. బండను పగలగొట్టించాను. ఆ పై వారం వచ్చినవాళ్లు ముక్కల మధ్య నిలబడి ఫోటోలు దిగారు. ఎక్కడి నుంచి దూకాలో వాళ్లు నన్ను అడగలేదు. వాళ్లు ఫోనులో చూసుకుంటున్న వీడియోలో చెయ్యెత్తి చూపిస్తున్నది నేనే.

ఇప్పుడు నేను గనికి వెళ్లడం లేదు. అక్కడ దూకేవాళ్లను ఎవరూ ఆపడం లేదు.