మెత్తచెయ్యి గీసిన మెడలు

మా వీధి సెలూన్ అతను టైలరు మెడ విరిచి చంపేశాడనీ, ఇప్పుడు మతి చెడి, షట్టరు సగం దించుకుని లోపల తోలు ఒలిచిన మెడలు గీస్తున్నాడనీ ఒక మాట తిరుగుతోంది. నా దాకా నాలుగు నోళ్ల మీదుగా వచ్చింది. నాలుగో నోటికి చేరేసరికి చచ్చినవాళ్లు ఇద్దరయ్యారు. టైలరు బతికే ఉన్నాడు. నిన్న పొద్దున్న నేను పెట్టిన టీ తాగి, చక్కెర తక్కువైందని వంక కూడా పెట్టాడు. మతి చెడిందన్నదీ అబద్ధమే. మెడల సంగతి మాత్రం నిజం. వెళ్లి కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

అతన్ని మేమంతా మెత్తచెయ్యి అంటాం. గడ్డం గీస్తుంటే కత్తి ఆనినట్టే తెలియదని ఆ పేరు. ఇరవై నాలుగేళ్లుగా ఆ కుర్చీ వెనకే నిలబడ్డాడు. జుట్టు కత్తిరించడం అయ్యాక తలకు మర్దనా చేసి, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి మెడను అటొకసారి, ఇటొకసారి తిప్పుతాడు. టక్కుమంటుంది. ఆ టక్కు కోసమే వెళ్లేవాళ్లున్నారు. వాళ్లలో మా ఆయన మొదటివాడు, టైలరు రెండోవాడు.

రెండు నెలల కిందట ఒక మంగళవారం టైలరు అలాగే మెడ తిప్పించుకుని లేచాడు. రెండడుగులు వేసి, "అద్దం కదులుతోందేంట్రా" అన్నాడట. అంతలోనే కుడిచెయ్యి వేలాడిపోయింది, మాట ముద్దయిపోయింది. మెత్తచెయ్యే ఎత్తుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మెదడుకు రక్తం అందలేదన్నారు. పదకొండు రోజులకు మనిషి ఇంటికొచ్చాడు గానీ, ఆ చేతికి ఇప్పటికీ కత్తెర పట్టు చిక్కలేదు. మెడ తిప్పడంవల్లే ఇలా అయిందా అని అడిగితే డాక్టరు, "అయ్యుండొచ్చు, కాకపోయీ ఉండొచ్చు, చెప్పలేం" అన్నాడట. మెత్తచెయ్యి కత్తి కింద పెట్టేసింది ఆ మాటకే. అవునంటే ఏడ్చి ఊరుకునేవాడు. కాదంటే మర్నాడే దుకాణం తెరిచేవాడు.

ఈ సంగతి తెలిసిన రోజు నేను పేపరు చదువుకుంటున్న మా ఆయన మెడ వంకే చూస్తూ కూర్చున్నాను.

"ఏంటలా చూస్తున్నావు?"

"ఉందో లేదో చూస్తున్నా."

"ఉంది గనకే నీ మాటలన్నింటికీ తలూపుతున్నా."

నవ్వాను గానీ, చూపు తిప్పుకోలేదు. నెలకొకసారి చొప్పున ఇరవయ్యేళ్లపాటు ఆ మెడ ఆ చేతుల్లో తిరిగింది మరి.

ఇక ఉండబట్టలేక మొన్న గురువారం మధ్యాహ్నం షట్టరు కింద నుంచి వంగి లోపలికి దూరాను. గోడల నిండా పాత క్యాలెండరు కాగితాలు, వెనకవైపు తిప్పి అంటించినవి. ఒక్కో కాగితం మీద ఒక్కో మెడ. పైన తల లేదు, కింద ఒళ్లు లేదు, మీద చర్మం లేదు. అద్దం మీద కూడా సబ్బు నురుగుతో ఒక మెడ గీసుంది. అద్దంలో తన మెడ సరిగ్గా ఆ గీతల మధ్యకు వచ్చేలా తల పక్కకు తిప్పి, చెవి వెనక వేలితో నొక్కుకుంటూ కూర్చున్నాడు మెత్తచెయ్యి.

"రా పెద్దమ్మా. నువ్వు కూడా చూసిపోదామనే వచ్చావా?"

"చూడకపోతే నాకు తిన్నది అరగదని నీకు తెలీదా. ఎవరు నేర్పారయ్యా ఇదంతా?"

టైలరు చేతికి కసరత్తు చేయించడానికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుంది. లోపలికి వెళ్లే ధైర్యం లేక ఇతను రోజూ ఆ ఇంటి మెట్ల మీద కూర్చునేవాడట. ఒకరోజు ఆ అమ్మాయిని ఆపి, మెడలో ఏముంటుందమ్మా అని అడిగాడు. ఆమె తన పాత పుస్తకం చేతికిచ్చి, చూస్తే గుర్తుండదు, గీయమంది. మొదటి బొమ్మ చూసి, "ఇది మెడా, నీళ్ల పైపా?" అందట. పైనుంచి కాదు, లోపలి నుంచి గీసుకుంటూ రావాలని చెప్పింది. ముందు ఏడు ఎముకలు, వాటిని పట్టుకుని ఉండే పొట్టి కండలు, ఆ తర్వాతే పొడుగువి.

"ఈ పొడుగు కండ చూడు" అని ఒక కాగితం మీద వేలు పెట్టాడు. "చెవి వెనక మొదలై ఏటవాలుగా దిగుతుంది. కిందకొచ్చేసరికి రెండు కాళ్లవుతుంది. ఒకటి రొమ్ము ఎముక మీద, ఒకటి ఈ అడ్డెముక మీద. దీని మీద ఎన్ని వేలసార్లు కత్తి నడిపానో. ఏదో నరంలే అనుకునేవాణ్ణి. మెదడుకి రక్తం తీసుకెళ్లే గొట్టం దీని కిందే ఉంది పెద్దమ్మా. ఇంకోటి ఎముకల కన్నాల్లోంచే పోతుంది. ఏమీ తెలీకుండా ఇన్నేళ్లు తిప్పాను."

ప్రతి బొమ్మలోనూ తల వెనక, పుర్రె దిగే చోట కాగితం అరిగిపోయి చిల్లుపడి ఉంది.

"ఇక్కడేంటి, ఎలుక కొరికిందా?"

"అక్కడ పొట్టి కండలు నాలుగు. రెండో పక్క ఇంకో నాలుగు. బొటనవేలంత కూడా ఉండవు. ఎంత చెరిపి గీసినా కుదరట్లేదు."

"కాగితం మీద కుదరకపోతే మనిషి మీద వెతుకు" అని వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది నేను చేసిన పని. ఎదుట అద్దంలో తోలు లేని మెడ, దాని వెనక నా మొహం, నా వెనక అతను. లేచిపోదామంటే పరువు అడ్డం.

అతని చేతులు నా చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. నుదుటి చెమట నా భుజం మీద పడింది. చాలాసేపటికి రెండు వేళ్లు నా తల వెనక ఆనాయి, మంచుముక్కల్లా.

"నేను తిప్పను పెద్దమ్మా. నువ్వే మెల్లగా తిప్పు."

తిప్పాను. ఆ వేళ్ల కింద నాలో ఏదో చిన్నది కదిలినట్టు నాకే తెలిసింది. అతను నిప్పు తగిలినట్టు చెయ్యి తీసేశాడు.

అప్పుడడిగాను. "వీధంతా తలా ఒకటి అంటున్నారు. డాక్టరు చెప్పలేనన్నాడు. నువ్వు చెప్పు. నీ చేతివల్లే జరిగిందా?"

అతను నేలచూపులు చూడలేదు. అద్దంలోనూ చూడలేదు. నా మెడ వెనకే చూస్తూ చెప్పాడు.

"ఆ రోజు మొదటిసారి తిప్పితే చప్పుడు రాలేదు పెద్దమ్మా. ఇక్కడే, నా వేళ్ల కింద ఏదో బిగిసింది. పిల్లలు చెయ్యి లాగేసుకుంటారు చూడు, అట్లా. పైకి టైలరు నవ్వుతూనే ఉన్నాడు. బిగిసిందని తెలిసి కూడా రెండోసారి తిప్పాను, ఇంకాస్త గట్టిగా. డాక్టరు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ బిగిసింది ఈ నాలుగింట్లో ఏదో తెలిస్తే, టైలరు దగ్గరికెళ్లి వేలుపెట్టి చూపించి, ఇది వద్దని నాకు చెప్పింది, నేనే వినలేదయ్యా అంటాను. అది తెలీకుండా ఆ గడప ఎట్లా దాటను?"