మేక కథ చివర వినని అవ్వ

చాలా ఏళ్లుగా ఒక అవ్వ నా గుండెల మీద కూర్చుని ఉంది. దిగమంటే దిగదు. ఆమెను చంపింది నేనే. అదిగో, మళ్లీ పెద్దది చేసి చెప్పేశాను. మీరనుకునే చంపడం కాదు. ఆమె అసలు పుట్టనే లేదు. పుట్టని మనిషిని చంపితే తప్పవుతుందా? నాకు తెలియదు. తెలియకే మీతో చెబుతున్నాను. ఇంట్లోవాళ్లతో చెబితే నవ్వి ఊరుకుంటారు.

నేను తెలుగు పంతులుగా పనిచేశాను. వందలమంది పిల్లల చేత కథలు రాయించానని పెళ్లిళ్లలో, సన్మానాల్లో చెప్పుకున్నాను. వందలు అబద్ధం. ఓ ఇరవైమంది ఉంటారేమో. వాళ్లలోనూ నేను చెప్పకుండా తనంతట తాను రాసింది ఒకే ఒక్క పిల్ల, రేవతి. ఏర్పేడు దగ్గరి బడిలో ఏడో తరగతి. వాళ్లమ్మ కూలికి పోయేది.

ఒకరోజు రేవతి రెండు కాగితాలు నా చేతిలో పెట్టి, "ఇంటికాడ సదవండి సార్" అంది. నేను శ్రీకాళహస్తి నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేవాణ్ణి. రైల్లో చదువుదామనుకుని నిద్రపోయాను. పైన 'మేక కథ' అని ఉండటం మాత్రం చూశాను. మర్నాడు ఆ పిల్ల తరగతి గుమ్మంలోనే నిలబడి ఉంది. చదవలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"నేనొక్కణ్ణే కాదు పాపా, రైలుపెట్టె మొత్తానికీ సదివి ఇనిపించినా. జామకాయలమ్మే అవ్వ ఒకామె పడీపడీ నవ్వింది. ఆ మేక ఎవురిదని అడిగింది."

ఆ మొహం మీరు చూసి ఉండాల్సింది. మర్నాడే మేక ఎవరిదో రాసుకొచ్చింది.

అప్పుడు కూర్చుని మొదటినుంచీ చదివాను. ఆ మేక బడిలోకి దూరి పరీక్ష పేపర్లన్నీ తినేస్తుంది. తిన్నాక దానికి జవాబులన్నీ వచ్చేస్తాయి. పంతులుగా చదివితే నాకు ఒత్తులూ దీర్ఘాలే కనబడ్డాయి. ఎర్ర పెన్ను పక్కనపెట్టి ఆ అవ్వలాగా చదివితే మాత్రం, తర్వాత ఏమైందో తెలియకుండా ఉండలేకపోయాను. తిన్న లెక్కలు కడుపులో గుచ్చుకోవా? అన్నీ తెలిసిన మేకను మిగతా మేకలు పక్కన మేయనిస్తాయా? ఇవన్నీ అవ్వ అడిగిందని చెప్పేవాణ్ణి. రేవతి రాసుకొచ్చేది. ఉద్యోగం చేసినన్నాళ్లలో నాకు అంత సంతోషం మరెప్పుడూ లేదు. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

చివరి భాగం రాయాల్సినప్పుడు పిల్లకు జ్వరం వచ్చింది. తేరుకుని బడికి వచ్చిన రోజు కాగితాలు చేతిలో పట్టుకునే వచ్చింది.

"సార్, ఆదివారం మాయమ్మతో కాళాస్తికి వస్తా ఉండా. అవ్వకు నేనే సదివి ఇనిపిస్తా. ఏ పెట్టెలో ఎక్కుతాది?"

అవ్వ కూతురింటికి వెళ్లిందనవచ్చు. ఉన్నదున్నట్టు చెప్పేయవచ్చు.

"అవ్వ ఇంక రాదు పాపా."

"యాడికి పోయినాది?"

"సచ్చిపోయిందమ్మా."

పిల్ల చేతిలోని కాగితాలకేసి చూసుకుంది. "సివర ఇనకుండానే పోయినాదా సార్?"

ఇక్కడ కూడా నాకు దారి ఉంది. కడదాకా నవ్వుకుంటానే పోయిందని అని ఉండవచ్చు. నేనేమన్నానో తెలుసా?

"ఇనకుండానే పోయింది. ఆఖరి దినం కూడా అడిగింది, ఆ పిల్ల ఇంకా రాయలేదా అని."

ఎందుకన్నాను? ఎవరడిగారు ఆ చివరి మాట? అబద్ధం ఇంకాస్త నిజంలా వినబడాలనా, లేక ఏడిపించే ముగింపు దొరికితే వదులుకోలేని నా పాడు అలవాటా? ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా తేలడం లేదు. రేవతి కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. నాకివ్వలేదు. ఆ తర్వాత నా దగ్గరికి ఏ కథా తేలేదు.

మొన్న తిరుపతి బస్టాండులో ఒకామె దగ్గరికొచ్చి, "సార్, గుర్తుపట్టినారా?" అంది. రేవతే. పక్కన కూతురు.

"ఇది కతలు రాస్తాది సార్. సగంలో నిలిపేస్తే అవ్వ సంగతి చెప్తా. నేను రెండు దినాలు ముందు రాసుంటే అవ్వ ఇనేది గదా. ఇప్పటికీ జామకాయ నోట్లో పెట్టలేను సార్."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. ఇంతలో ఆ చిన్నపిల్ల అడిగింది: "తాతా, ఆ అవ్వ పేరేంది?"

"మునెమ్మ" అన్నాను.

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పేరు! తల్లీకూతుళ్లు దాన్ని మెల్లగా ఒకసారి పలుక్కుని బస్సెక్కారు.

నిజం చెబితే ఆ చిన్నపిల్ల రాయడం మానేస్తుందేమో. చెప్పకపోతే రేవతి చేయని తప్పును మోస్తూనే ఉంటుంది. ఏది మేలు? ఇంత వయసొచ్చీ నాకు పాలుపోవడం లేదు. మీరు తీర్పు చెప్పనక్కర్లేదు. ఒక్కసారైనా పెంచకుండా, తుంచకుండా రాయాలనిపించింది, అంతే. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.

మునెమ్మ లేదు. రేవతి ఆలస్యం చేయలేదు. అడిగిందంతా నేనే. ఆ మేక చివరికి ఏమైందో వినకుండా మిగిలిపోయిందీ నేనే.